నిజం రాసినందుకే నష్టపోతే దేవుణ్ణి ఎలా నమ్మాలి?

వేపచెట్టు నీడ | 5 అక్టోబరు 2025, మధ్యాహ్నం 2:40

అందరికీ వందనాలు. రెండేళ్లుగా ఇక్కడ చదివి వెళ్లిపోవడమే తప్ప ఎప్పుడూ ఏమీ రాయలేదు. ఈరోజు సంస్కారపు ఆదివారం, అంటే ప్రభువు బల్ల రొట్టె తీసుకునే రోజు. పళ్లెం మా వరుస దాకా వచ్చింది. పక్కావిడకి అందించేసి లేచి బయటికి వచ్చేశాను. బాప్తిస్మం తీసుకున్న పన్నెండేళ్లలో ఇలా చెయ్యడం ఇదే మొదటిసారి.

సంగతి చెప్తాను. సర్కారు టీచరు పోస్టుల మెగా డీఎస్సీలో ఎస్జీటీకి (చిన్న తరగతుల టీచరు) రాశాను. రాష్ట్రం మొత్తం మీద 16,347 పోస్టులు, ఇప్పుడు కాకపోతే మళ్లీ ఎప్పుడో అని ప్రైవేటు స్కూల్లో ఉన్న ఉద్యోగం కూడా మానేసి చదివాను. రాలేదు. మా చిన్నాన్న కూతురికి వచ్చింది. దానికి నాకంటే నాలుగు మార్కులు తక్కువ.

ఇద్దరం ఒకే పేటలో పుట్టాం. ఒకే సంఘం. ఒకే రోజు ఒకే కాలవలో బాప్తిస్మం తీసుకున్నాం. తేడా ఒక్క కాగితమే. దానిది ఎస్సీ, నాది బీసీ-సీ. ఎస్సీల్లోంచి క్రైస్తవులైన మా కేటగిరీకి రిజర్వేషన్ ఒక్క శాతం అని ఇక్కడ చాలామందికి తెలిసే ఉంటుంది. నన్ను బళ్లో వేసినప్పుడు మా నాన్న ఉన్నదున్నట్టు క్రైస్తవులమని రాయించాడు. చిన్నాన్న రాయించలేదు. "దేవుడి ముందు ఒక పేరు, ఎమ్మార్వో ముందు ఇంకో పేరా?" అని మా నాన్న అప్పట్లో ఆయనతో గొడవపడ్డాడట.

డిసెంబరు 31 రాత్రి కూటంలో నాకు వచ్చిన వాగ్దానపు కార్డు యిర్మీయా 29:11. మీ గురించి నా ఉద్దేశాలు సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావు అనే మాట. ఆ కార్డు పుస్తకంలో పెట్టుకుని ఆరు నెలలు చదివాను.

వచ్చే శనివారం చిన్నాన్న ఇంట్లో కృతజ్ఞతా కూటం. పాస్టరు గారు నన్ను పాట పాడమన్నారు. "దేవుడు నమ్మదగినవాడు" అని సాక్ష్యం చెప్తారు. నేను వెళ్లాలా? ఫిర్యాదు పెట్టే ఆలోచన నాకు లేదు, అది నా చెల్లెలు. నాకు కోపం దానిమీద కాదు. ఎవరిమీదో పైకి అనడానికి భయంగా ఉంది.

షాలేము | మధ్యాహ్నం 3:05

ప్రైజ్ ద లార్డ్ సిస్టర్. దేవుడు ఆలస్యం చేస్తాడేమో గాని అన్యాయం చేయడు. ఇది మీ విశ్వాసానికి పరీక్ష. బైబిల్లో ఆస్తి, పిల్లలు అన్నీ పోగొట్టుకున్న యోబుకి పోయినదంతా రెట్టింపు ఇచ్చాడు, మీకూ రెట్టింపు ఇస్తాడు. ఆమేన్ అనండి.

నిద్రపట్టని అమ్మ | సాయంత్రం 4:30

షాలేము గారూ, కోపగించుకోకండి. ఆ "రెట్టింపు" అనే మాట వినబడ్డప్పుడల్లా నా గొంతుకి ఏదో అడ్డం పడుతుంది. 2019లో మా చిన్నవాడు పోయాడు. వాడికి ఆరేళ్లు. ఆ వారం మా ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ యోబు పేరెత్తారు. అందుకని ఆ గ్రంథం నేనే కూర్చుని చదివాను, మూడుసార్లు.

గొర్రెలు ఏడువేలు పోతే పద్నాలుగువేలు వచ్చాయి. ఒంటెలు మూడువేలు పోతే ఆరువేలు. సరే, అవి రెట్టింపే. పిల్లలు? ముందు ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు. తర్వాత కూడా ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లే. వాళ్లను రెట్టింపు చేయలేదు. మొదటి పదిమంది దేవుడి దగ్గర ఉన్నారు కాబట్టి లెక్క రెట్టింపే అయిందని ఒక ప్రసంగంలో విన్నాను. కావచ్చు. నాకు మాత్రం అక్కడ వేరే సంగతి కనబడింది. పోయిన బిడ్డకి బదులు ఉండదని ఆ లెక్క రాసినవాడికి తెలుసు. తెలిసి అలాగే వదిలేశాడు.

వేపచెట్టు నీడ గారూ, మీకు ఉద్యోగం వస్తుందని నేను చెప్పను. నాకేం తెలుసు? పళ్లెం అందించేసి లేచి వచ్చారు చూడండి, అది నేను కూడా చేశాను. ఏడు నెలలు.

పాత బైబిల్ | రాత్రి 8:15

అమ్మా, నేను రిటైరైన తెలుగు మాస్టారిని. ఈ వాగ్దానపు కార్డుల మీద నాకు పాత కక్ష ఉంది. ముందు అది తీర్చుకుంటాను.

యిర్మీయా 29:11 చదివేటప్పుడు పదో వచనం వదిలేయకూడదు. అందులో డెబ్బై సంవత్సరాలు అని ఉంది. అది యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం, అందుకున్నవాళ్లు బబులోనుకి చెరగా పోయినవాళ్లు. ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరు ఇప్పట్లో రారు అని రాశాడు. వాళ్లలో ముసలివాళ్లు ఎవరూ యెరూషలేమును మళ్లీ చూడలేదు. కార్డు మీద డెబ్బై ఏళ్లు అచ్చువేస్తే ఎవరు కొంటారు?

దానికి ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త ఉన్నాడు. రెండేళ్లలో అందరూ తిరిగొస్తారని గుడిలో నిలబడి ప్రకటించాడు. జనానికి అదే నచ్చింది. యిర్మీయా ఏమన్నాడో తెలుసా? ఆమేన్, అలాగే జరగాలి అన్నాడు. తర్వాత అది అబద్ధమని తేలింది. ఈ రోజుల్లో "ఈ సంవత్సరమే, ఈ నెలలోనే" అని మైకులో అరిచేవాళ్లందరూ నాకు హనన్యాలాగే వినబడతారు.

రెండో సంగతి. మీకు కావలసింది ఆ కార్డులో లేదు, 73వ కీర్తనలో ఉంది. రాసినవాడు ఆసాపు, దేవాలయంలో పాటల జట్టుకి నాయకుడు. పాట పాడాల్సినవాడే "నా హృదయమును నేను శుద్ధిచేసికొని యుండుట వ్యర్థమే" అన్నాడు. మీరు పైకి అనడానికి భయపడుతున్న మాట మూడువేల ఏళ్ల కిందటే ఒక గాయకుడు అనేశాడు, దాన్ని పాటల పుస్తకంలోనే దాచారు.

నల్లరేగడి | రాత్రి 9:50

అందరూ దేవుడి దగ్గరే ఆగిపోయారు. నేను ఒక మాట అడుగుతా. ఇందులో దేవుడు చేసిందేముంది?

1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వులో మూడో పేరా హిందువులు కానివాళ్లకి ఎస్సీ హోదా లేదంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉండిపోయారు. రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ పేరా తీసేయమంది. 2023 మార్చిలో మన అసెంబ్లీ తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. ఈ సంగతే పరిశీలించమని కేంద్రం 2022లో బాలకృష్ణన్ కమిషన్ను వేసింది. మొన్న 2024 నవంబరులో సుప్రీంకోర్టు, పుదుచ్చేరి అమ్మాయి కేసులో, చర్చికి వెళ్తూ రిజర్వేషన్ కోసం హిందువునంటే కుదరదని తేల్చింది.

మనుషులు రాసిన చట్టం మనుషులే మార్చాలి. దీన్ని "విశ్వాసానికి పరీక్ష" అంటే చట్టం రాసినవాళ్లు హాయిగా నిద్రపోతారు. ఆవిడకి ప్రార్థన కంటే పిటిషన్ ముఖ్యం.

వేపచెట్టు నీడ | 6 అక్టోబరు, ఉదయం 6:10

రాత్రంతా చదివాను. అమ్మా, మీ బాబు గురించి రాసినందుకు ఏమనాలో తెలియట్లేదు. నా బాధ చిన్నదైపోయిందని రాయబోయి చెరిపేశాను. అలా అంటే మీకు నచ్చదనిపించింది.

నల్లరేగడి గారూ, చట్టం నాకు తెలుసు. డీఎస్సీకి అది కూడా చదివాను! చట్టం మనుషులదే. కానీ ఆ మనుషుల్ని ఆపగలిగినవాడు ఒకడున్నాడని నమ్ముతున్నాను కదా. ఏ దేవుడూ లేడనుకుంటే నాకు పిటిషన్ ఒక్కటే మిగిలేది, ఈ ఏడుపు ఉండేది కాదు. నమ్మకం ఉండబట్టే ఇంత నొప్పి.

మా నాన్న సంగతి రాయలేదు. ఫలితాలు వచ్చినరోజు నుంచి ఆయన నాతో సరిగా మాట్లాడట్లేదు. అన్నం కలుపుకుని అలాగే కూర్చుంటాడు. ఆయన చేసింది తప్పు అనలేను. రైటు అని కూడా నోరు రావట్లేదు.

రెండు పేర్లవాడు | ఉదయం 7:45

చెల్లీ, నేను అవతలి ఒడ్డున ఉన్నవాణ్ణి. సర్టిఫికెట్లో ఒక పేరు, సంఘం రిజిస్టరులో ఒక పేరు. పంతొమ్మిదేళ్లుగా సర్కారు ఉద్యోగం.

నన్ను సమర్థించుకోడానికి రాయట్లేదు. ఒక నిజం మాత్రం చెప్పనివ్వు. మా తాత బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన ఊళ్లో ఆయన గ్లాసు మారలేదు. హోటల్లో బయట చూరుకి వేలాడే గ్లాసే. పేట పేటగానే ఉంది, శ్మశానం వేరుగానే ఉంది. వాళ్లు మమ్మల్ని మతం అడిగి దూరం పెట్టలేదు. మరి ఆ దూరానికి ఇచ్చే పరిహారాన్ని మాత్రం మతం అడిగి ఆపుతారా అని మా నాన్న అనేవాడు. ఆ తర్కంలో నాకు ఇప్పటికీ తప్పు కనబడదు.

అయినా ప్రతి జనాభా లెక్కప్పుడు, ప్రతి బదిలీ కాగితం మీద, ఇంట్లో గోడమీది వాక్యం క్యాలెండరు తీసి లోపల పెడతాం. అది తీసేది మా ఆవిడ. పిల్లలు చూస్తూ ఉంటారు. మా పెద్దవాడు ఒకసారి "యేసుప్రభువు సెలవుమీద వెళ్తున్నాడా నాన్నా" అన్నాడు. నవ్వాం. నేను ఆ రాత్రి పడుకోలేదు.

మీ చెల్లెలు హాయిగా ఉందనుకోకు. అంతే.

షాలేము | ఉదయం 8:20

బ్రదర్, దేవుడి దగ్గర అబద్ధమాడిన అననీయ సప్పీరా ఏమయ్యారో అపొస్తలుల కార్యములు 5 చదవండి. అబద్ధం అబద్ధమే. మనుషుల ముందు నన్ను ఎరుగననువాణ్ణి నేనూ ఎరుగనందును అని ప్రభువు చెప్పాడు.

పాత బైబిల్ | ఉదయం 9:00

షాలేము బాబూ, ఆ మాట ప్రభువు చెప్పిందే, కాదనను. అయితే ఆ మాట విన్నవాళ్లలో పేతురు కూడా ఉన్నాడు. తర్వాత మూడుసార్లు ఎరుగనన్నాడు. గలిలయ ఒడ్డున అతనికి దొరికింది తిట్లు కాదు, నిప్పులమీద కాల్చిన చేప, రొట్టె.

నిర్వాహకులు | ఉదయం 9:30

ఎవరి సర్టిఫికెట్ గురించీ వివరాలు అడగవద్దు, జిల్లా పేర్లు రాయవద్దు. రెండు వ్యాఖ్యలు తీసేశాం. చర్చ కొనసాగించండి.

గుండ్లకమ్మ ఒడ్డు | రాత్రి 7:10

నేను ఒంగోలు వైపు మనిషిని, అరవై దాటాయి. టైపు చేయడం మనవరాలు, చెప్పడం నేను.

1876 నుంచి 78 దాకా మన వైపు పెద్ద కరువు. జనం దారులెంట పడి చచ్చిపోయారు. అప్పుడు ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర, బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత ముక్క కాంట్రాక్టు పట్టి పేటల జనానికి పని పెట్టాడు. మా ముత్తాత ఆ కాలవలో మట్టి మోశాడని మా నాయనమ్మ చెప్పేది. తవ్వుతూ వాక్యం వినేవాళ్లట. బాప్తిస్మం ఇమ్మని అడిగితే దొర ఇవ్వలేదు. కరువు నడిచినంతకాలం ఆపేశాడు, కూలి కోసం, గింజల కోసం వచ్చారనే మాట పడకూడదని. వర్షాలు పడి, పని అయిపోయి, పంచడానికి ఏమీ మిగలనప్పుడు కూడా వాళ్లు మళ్లీ వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు వంతులేసుకుని నీళ్లలో నిలబడ్డారు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నూటయాభై ఏళ్లుగా మనల్ని ఊరు అంటున్న మాట ఒకటే, "బియ్యం కోసం కలిశారు." యోబు గ్రంథం మొదట్లో సాతాను దేవుణ్ణి అడిగింది కూడా అదే. యోబు ఊరకే భయభక్తులు కలిగి ఉన్నాడా, నువ్వు చుట్టూ కంచె వేశావు కాబట్టి కదా అని. మొత్తం గ్రంథంలో అసలు ప్రశ్న అది. బాధ ఎందుకు వచ్చింది అన్నది కాదు. లాభం లేకపోయినా ఈ మనిషి నిన్ను వదలకుండా ఉంటాడా అన్నది.

మీ నాన్న నిన్ను బళ్లో వేసినరోజు ఆ ప్రశ్నకి జవాబు రాశాడమ్మా. లాభం వదులుకుని రాశాడు. ఆయనకి ఎవరూ శాలువా కప్పలేదు. దాని ఖర్చు నీ చేత కట్టించాడు, అది కూడా నిజమే. అందుకే అన్నం ముందు అలా కూర్చుంటున్నాడు.

నల్లరేగడి | రాత్రి 7:55

పెద్దమ్మా, గొప్ప మాట చెప్పారు. కానీ యోబు నోరుమూసుకుని భరించలేదు. అధ్యాయాలకు అధ్యాయాలు దేవుడితో వాదించాడు. న్యాయం కావాలన్నాడు. నా పిటిషన్ మాట అలాగే ఉంది!

గుండ్లకమ్మ ఒడ్డు | రాత్రి 8:05

పెట్టు నాయనా. నేను వేలిముద్ర కాదు, సంతకమే పెడతాను.

ఎడారి దారి | రాత్రి 11:30

కువైట్ నుంచి. డ్రైవరు పని. అమ్మ పోయినప్పుడు పాస్‌పోర్టు కఫీల్ (పనిలో పెట్టుకున్న యజమాని) దగ్గర ఉంది, రాలేకపోయాను. వీడియోలో సమాధి చూశాను. అప్పటినుంచి నేను చదివేది 88వ కీర్తన ఒక్కటే. మిగతా ఏడుపు కీర్తనలు చాలావరకు చివరికి స్తుతిలోకి తిరుగుతాయి. అది తిరగదు. చీకటి అనే మాటతోనే ఆగిపోతుంది. అలాంటిది కూడా బైబిల్లో పెట్టారంటే, ఆ స్థితిలో ఉన్నవాడు కూడా మనవాడే అని కదా. నాకు అది చాలు. చెల్లికి ఇంతకంటే చెప్పలేను.

ఊరి బోధకుడు | 7 అక్టోబరు, ఉదయం 5:40

ఒక చిన్న సంఘం చూసుకుంటాను. అసలు ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు: శనివారం వెళ్లాలా, పాడాలా?

ముందు మాలో ఉన్న లోటు ఒప్పుకుంటాను. సర్టిఫికెట్ల గురించి మేము వేదిక మీద నోరెత్తం. ఎత్తితే సగం సంఘానికి తగులుతుంది, రెండో సగానికి గర్వం వస్తుంది. అందుకే మీ పాస్టరు గారు కూడా ఏమీ ఎరగనట్టు మిమ్మల్ని పాడమని ఉంటారు. ఆయనకి తెలియక కాదు.

పళ్లెం పక్కకి అందించడం తప్పు కాదమ్మా. సహోదరుడికి నీమీద ఏదైనా ఉందని గుర్తొస్తే అర్పణ అక్కడే వదిలి ముందు సమాధానపడమని మత్తయి 5లో ఉంది. మీరు చేసింది సగం. మిగిలిన సగం చెల్లెలితో మాట్లాడటం. పాట మాత్రం పాడకండి. లోపల లేనిది మైకులో పాడితే అది మీకూ చెరుపే, వినేవాళ్లకీ చెరుపే. పాస్టరు గారికి ఫోన్ చేసి "నేను పాడలేనండి" అని ఒక్క ముక్క చెప్పండి. కారణం చెప్పక్కర్లేదు.

ఇంకొకటి. ప్రమాణం చేసి నష్టం వచ్చినా మాట తప్పనివాడే దేవుడి గుడారంలో ఉంటాడని 15వ కీర్తనలో ఉంది. చాలాసార్లు ప్రసంగించాను. ఆ నష్టం ఎవరి పిల్లలకి తగులుతుందో మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు. మీ ఉత్తరం చదివాక ఆలోచిస్తున్నాను.

వేపచెట్టు నీడ | 12 అక్టోబరు, సాయంత్రం 5:20

వెళ్లాను. పాడలేదు.

పాస్టరు గారికి ముందే ఫోన్ చేశాను. ఆయన కాసేపు ఆగి "సరేనమ్మా" అన్నారు, అంతే. కూటంలో చిన్నాన్న సాక్ష్యం చెప్తుంటే నేను వెనక వరండాలో ఉల్లిపాయల దగ్గర కూర్చున్నాను. ఏడుపుకి అదొక మంచి చోటు, ఎవరూ అడగరు. అందరూ మోకరించినప్పుడు నేనూ మోకరించాను. ఏమీ అడగలేదు. ఆసాపు మాటే చెప్పాను, నీ ముందు నేనొక మృగంలా ఉన్నాను అని. ఆ తర్వాతి వచనం "నా కుడిచెయ్యి నీవు పట్టుకొని యున్నావు" అని ఉంది కదా. అది నేను చెప్పలేదు. అది నిజమో కాదో ఆయన చూసుకోవాలని వదిలేశాను.

భోజనాలయ్యాక చెల్లి, నేను బోరింగు దగ్గర గిన్నెలు తోముతున్నాం. అదే అడిగింది, "అక్కా, నామీద కోపమా?" అని. ఉంది అన్నాను. నీమీద కొంచెం, మిగతావాటి మీద ఎక్కువ. అది ఏడ్చింది. మొన్న సర్టిఫికెట్ల పరిశీలనకి వెళ్లినప్పుడు మెళ్లో సిలువ గొలుసు తీసి పర్సులో పెట్టుకుందట. ఇంటికొచ్చాక మళ్లీ వేసుకోబుద్ధి కాలేదట. ఇంకా పర్సులోనే ఉందంది. నాకు దాన్ని ఓదార్చాలనీ అనిపించలేదు, తిట్టాలనీ అనిపించలేదు. అన్నం గిన్నె అడుగంటింది, ఇద్దరం పట్టి గీకాం.

ఇంటికొచ్చాక గుండ్లకమ్మ అమ్మగారు చెప్పింది మా నాన్నకి చదివి వినిపించాను, ఖర్చు నా చేత కట్టించాడన్న ముక్కతో సహా. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "మళ్లీ ఎప్పుడు పడుద్ది నోటిఫికేషన్?" అన్నాడు.

ఈ ఉదయం ఆరాధనకి వెళ్లాను. సంస్కారం వచ్చే నెల మొదటి ఆదివారం. అప్పటి సంగతి అప్పుడు.

నిద్రపట్టని అమ్మ | సాయంత్రం 5:50

ఉల్లిపాయలు. నేను మిరపకాయలు తొడిమలు తీసేదాన్ని.

రెండు పేర్లవాడు | రాత్రి 9:15

చెల్లీ, టెట్ (టీచరు అర్హత పరీక్ష) మార్కులకి డీఎస్సీలో 20 శాతం వెయిటేజీ ఉంటుంది. ఈసారి నీ టెట్ ఎంత? తక్కువైతే ముందు అది మళ్లీ రాసి పెంచుకో, నాలుగు మార్కులు అక్కడే దొరకొచ్చు. మా ఆవిడ తెలుగు, సైకాలజీ నోట్సు రాసి పెట్టింది. రేపు ఫోటోలు తీసి ఇక్కడే పెడతాను.

నల్లరేగడి | రాత్రి 9:20

ఆ నోట్సు నాకూ పెట్టండన్నా. నేను కూడా బీసీ-సీనే.